సరకునకు భీమా గలదు, బాధ్యతకో?

2020 వ సంవత్సరము జూన్ 17 వ తేదీన జగ్గయ్యపేట మండలమున వేదాద్రి సమీపమందు జరిగిన దుర్ఘటన మన ప్రాంతీయులు మరచునది కాదు. ఖమ్మం జిల్లా పెదగోపవరమునుండి నరసింహస్వామి దర్శనార్థమై వచ్చి, తిరిగి యిండ్లకు పోవుచున్న భక్తులు కూర్చుండిన ట్రాక్టరును లారీ ఢీకొనగా పన్నెండుగురు ప్రాణములు కోల్పోయిరి. ఆ కుటుంబముల దుఃఖమును మరల రేపుట మా యుద్దేశము కాదు. ఆ ఘటనలో ఎవరి తప్పెంతయో తీర్పు చెప్పుటయు మా పని కాదు. కాని ట్రాక్టరు గల ప్రతి రైతును, లారీ గల ప్రతి వర్తకుడును, నలుగురు కూలీలను పెట్టుకొని పని చేయించు ప్రతి గృహస్థును ఆ దినమున తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన మాట యొకటి కలదు: “నా వలన, నా వాహనము వలన, నా యంత్రము వలన పరుని ప్రాణమునకు హాని కలిగినచో ఆ ఋణమును నేను దేనితో తీర్తును?”

మన కృష్ణాజిల్లా మెరక తాలూకాలు, అనగా 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు, పూర్వము వర్షాధారమైన పైరులకే పేరుపొందినవి. నేటి స్థితి వేరు. ముక్త్యాల, జయంతిపురము, బూదవాడలలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. వానిని ఆశ్రయించి సున్నపురాతి క్వారీలు, లారీలు, మరమ్మతు షాపులు, కాంట్రాక్టు పనులు పెరిగినవి. ప్రత్తి, మిర్చి పంటల వెంట జిన్నింగు మిల్లులు, శీతల గిడ్డంగులు, పురుగుమందుల కొట్లు వచ్చినవి. హైదరాబాదు, విజయవాడ రాజమార్గము వెంట భోజనశాలలును పెట్రోలు బంకులును బారులు తీరినవి. వీనిలో నధికభాగము కంపెనీలు కావు. ఒక్క మనిషి సొత్తు, లేక అన్నదమ్ముల భాగస్వామ్యము. వ్యాపారము ఆయనదే, పొలము ఆయనదే, ఇల్లు ఆయనదే. వ్యాపారమున పుట్టిన అప్పు వ్యాపారముతో నిలువదు. పొలము గట్టు దాటి ఇంటి గడప వరకు వచ్చును. ఈ యొక్క సంగతిని గ్రహించినవారికి తక్కిన వ్యాసమంతయు సులభబోధకమగును.

బ్యాంకు వారు అప్పిచ్చునపుడు అడుగుదురు గనుక మిల్లులోని సరకునకు, యంత్రములకు, కొట్టులోని నిలువలకు మనవారు అగ్నిప్రమాద భీమా చేయించుచున్నారు. అది మంచిదే. కాని అది తన సొమ్ము కాలిపోయిన తనకు ఇచ్చు భీమా. తన వలన పరునికి కలిగిన నష్టమునకు తాను చెల్లింపవలసి వచ్చినపుడు తన బదులు చెల్లించునది వేరొక భీమా. దీనినే బాధ్యతా భీమా యందురు. మొదటిది గలవారు రెండవదియు తమకు గలదని భ్రమించుటయే మన ప్రాంతమున నెక్కువ కీడునకు మూలము.

పూచీ ఎచ్చట పుట్టును?

పరునికి కీడు చేసినవాడు పరిహార మీయవలెనను ధర్మము మనకు క్రొత్త కాదు. దాని నేటి చట్టరూపము మాత్రము క్రమక్రమముగా నేర్పడినది. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము, ఒకని తప్పు వలన మరణించినవాని భార్యాబిడ్డలకును తల్లిదండ్రులకును దావా వేయు హక్కు నిచ్చినది. 1868 లో ఇంగ్లండునందు మిల్లు యజమాని కట్టించిన జలాశయము తెగి పొరుగువాని గని మునిగినపుడు, అపాయకరమైన వస్తువును తన భూమిలో నిలువచేసినవాడు అది తప్పించుకొని చేసిన హానికి తానే పూచీపడవలెనని అచ్చటి ప్రభువుల సభ నిర్ణయించెను.

ఆ న్యాయము మన తెలుగునాటికిని వచ్చినది. కార్వేటినగరము జమీందారు చెరువులు అతివృష్టి వలన తెగి మద్రాసు రైల్వే కంపెనీ కట్టడములకు నష్టము కలిగింపగా, కంపెనీవారు ఆ యింగ్లీషు తీర్పును చూపి పరిహారము కోరిరి. 1874 లో ప్రీవీ కౌన్సిలు వారు ఒప్పుకొనలేదు. చెరువులు ఈ దేశమున అనాదిగా ప్రజాజీవనమునకు ఆధారములనియు, వానిని నిలుపుట జమీందారుని హక్కు మాత్రమే గాక విధి యనియు, అజాగ్రత్త రుజువు కానిదే ఆయనకు పూచీ లేదనియు తీర్పు చెప్పిరి. భూస్వాములకు ఊరటనిచ్చిన తీర్పే. కాని దానినుండి నేర్వవలసిన దేమి? ప్రజల మేలునకై తరతరములుగా నున్న చెరువునకు దొరకిన రక్షణ, లాభమునకై నెలకొల్పిన మిల్లునకు దొరకునని తలంపరాదు.

నిజముగా దొరకలేదు. 1984 డిసెంబరున భోపాలునందు విషవాయువు వేలకొలది జనులను బలిగొనినది. మరుసటి డిసెంబరున ఢిల్లీలో ఒక కర్మాగారమునుండి ఓలియము వాయువు వెలువడినది. ఆ సందర్భమున 1986 డిసెంబరు 20 న సుప్రీంకోర్టు, అపాయకరమైన పరిశ్రమ నడుపువాడు తాను ఎంత జాగ్రత్త తీసికొంటిననినను పూచీ తప్పించుకొనజాలడనియు, ఇంగ్లీషు న్యాయమునందలి మినహాయింపులు ఇచ్చట చెల్లవనియు ప్రకటించెను. ఆ వెనుక 1991 లో ప్రజా బాధ్యతా భీమా చట్టము వచ్చినది. ప్రభుత్వము ప్రకటించిన ప్రమాదకర పదార్థములను నిర్ణీత పరిమాణమునకు మించి యుంచు ప్రతివాడును భీమా చేయించి తీరవలెననియు, ప్రమాదము జరిగినచో తప్పెవరిదను విచారణతో పనిలేక బాధితులకు తక్షణ సహాయము అందవలెననియు అది శాసించినది. ఆ చట్టము మొదట మరణమునకు విధించిన సహాయము రూ. 25,000 మాత్రమే. ఇంతకు మించి కోరు హక్కు బాధితునకు ఆనాడును కలదు, నేడును కలదు. శీతల గిడ్డంగిలో అమ్మోనియా వాడువారు, పురుగుమందులు పెద్దయెత్తున నిలువచేయువారు తమ నిలువలు ఈ చట్టము పరిమితికి లోబడినవో లేదో వ్రాతమూలకముగ తెలిసికొని యుండవలెను.

కూలివాని ప్రాణము, యజమాని పూచీ

చిన్న వ్యాపారికి మొట్టమొదట ఎదురగునది పనివాని విషయము. కార్మిక నష్టపరిహార చట్టము 1923 లో పుట్టి 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ధర్మములు సామాజిక భద్రతా స్మృతిలో చేర్పబడినవి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలునకు తేబడినది. పేరు మారినను సూత్ర మొక్కటే: పనిచేయుచుండగా, పని కారణముగా హాని కలిగిన పనివానికి యజమాని పరిహార మీయవలెను. యజమాని తప్పు చేసెనా యను ప్రశ్న లేదు.

“ఇది కర్మాగారముల సంగతి, వ్యవసాయదారులకు మాకేమి?” యని భూస్వాములు కొందరు తలంతురు. అది పొరపాటు. ఆ చట్టము అనుబంధమున ట్రాక్టరుతోను ఇతర యంత్రములతోను సాగు చేయు పనివారు, యంత్రములతో కోతలు నూర్పిళ్లు చేయువారు, పైరులకు పురుగుమందు చల్లువారు, బావులు త్రవ్వువారు, బోర్లు వేయువారు పేర్కొనబడియున్నారు. మిరపతోటలో మందు పిచికారీ చేయుచు సొమ్మసిల్లి పడినవాడును, నూర్పిడి యంత్రమున చేయి చిక్కుకొనినవాడును ఈ చట్టము ఎదుట మిల్లు కార్మికునితో సమానులే.

లెక్క యెట్లుండునో చూతము. మరణమైనచో నెలజీతములో సగమును, పనివాని వయస్సునుబట్టి చట్టము నిర్ణయించిన గుణకముచేత హెచ్చవేయుదురు. జీతమెంత యున్నను లెక్కకు తీసికొను పరిమితి 2020 జనవరి నుండి నెలకు రూ. 15,000 గా నిర్ణయింపబడినది. ముప్పది సంవత్సరముల వానికి గుణకము 207.98. అనగా నెలకు రూ. 15,000 సంపాదించు ముప్పదియేండ్ల పనివాడు పనిలో మరణించినచో, రూ. 7,500 ను 207.98 చేత హెచ్చవేయగా రూ. 15,59,850 అగును. శాశ్వతముగా పూర్తి అంగవైకల్యము కలిగినచో సగమునకు బదులు నూటికి అరువది వంతున లెక్కింతురు గనుక మొత్తము ఇంకను హెచ్చు. గడువు తీరిన నెలలోగా చెల్లింపనిచో నూటికి 12 వంతున వడ్డీ పెరుగును. పై మొత్తముపై ఏడాది వడ్డీయే రూ. 1,87,182. తగిన కారణము లేక జాగుచేసినచో పరిహారములో సగము వరకు జరిమానా విధింపవచ్చును. ఈ సొమ్ము భూమిశిస్తు బకాయివలె వసూలు చేయబడునని 1923 నాటి చట్టమే చెప్పినది. భూమిశిస్తు బకాయి యన్న మాటకు అర్థము మన భూస్వాములకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

ఇందు మూడు సూక్ష్మములు కలవు. మొదటిది: మేస్త్రీకి గుత్తకిచ్చితిమి, కూలీలు వాని మనుష్యులు అని తప్పించుకొనుటకు వీలులేదు. తన వ్యాపారములో భాగమైన పనిని కాంట్రాక్టరు చేత చేయించినను పనివాడు నేరుగా యజమానినే అడుగవచ్చును. యజమాని చెల్లించి, తరువాత కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవలెను. రెండవది: పనికి వచ్చు దారిలో కలిగిన ప్రమాదమును గూడ, పనితో సంబంధము రుజువైనచో, పనిలో కలిగినదానిగనే భావింపవచ్చునని 2025 జూలైలో సుప్రీంకోర్టు నిర్ణయించినది. మూడవది: పదిమంది లేక అంతకు మించిన పనివారు గల కర్మాగారములో ఇ.ఎస్.ఐ. లో చేరిన పనివానికి ఆ సంస్థయే భరణ మిచ్చును. అతడు యజమానిని మరల ఈ పరిహారము అడుగజాలడు. కావున ఇ.ఎస్.ఐ. చందా ఎగవేసి రెండు డబ్బులు మిగిల్చితినని సంతసించువాడు, నిజమునకు తన కవచమును తానే విప్పి పారవేసినవాడు.

ఈ పూచీకై యజమాని తీసికొను పాలసీలో పనివారి సంఖ్యయు జీతములును ఉన్నవి ఉన్నట్లు చూపవలెను. ప్రీమియము తగ్గునని ఇరువదిమందిని ఎనమండుగురుగా, రూ. 15,000 జీతమును రూ. 6,000 గా వ్రాయించు అలవాటు కొందరికి కలదు. అట్టి పాలసీ అవసర సమయమున ఆ మేరకే పనిచేయును, లేక అసలే పనిచేయదు. మరియొకటి. 1997 లో సుప్రీంకోర్టు చెప్పినదానినిబట్టి పరిహారమును వడ్డీని భీమా కంపెనీ చెల్లింపవలసినదే గాని, యజమాని జాగునకు విధించిన జరిమానా మాత్రము యజమాని మీదనే పడును. భీమా సోమరితనమునకు రక్ష కాదు.

ట్రాక్టరు ట్రక్కు సంగతి

వాహనము బజారున నడుపవలెనన్న మూడవవ్యక్తి భీమా యుండి తీరవలెనను నిబంధన మన దేశమున 1946 జూలై నుండి నడచుచున్నది. నేడది 1988 నాటి మోటారు వాహనముల చట్టములో నున్నది. కావున ట్రాక్టరునకు భీమా లేదనువారు తక్కువ. కాని ఆ భీమా ఎవరికి వర్తించును, ఎవరికి వర్తింపదు అని చదివినవారు అంతకంటె తక్కువ.

మన పల్లెలలో ట్రాక్టరు ట్రక్కు సర్వార్థసాధకము. ఉదయము పత్తి తోలును, మధ్యాహ్నము ఇటుకలు తోలును, రాత్రి పెండ్లివారిని తోలును. శివరాత్రికి ముక్త్యాల తిరునాళ్లకు, శనివారము వేదాద్రికి భక్తులను తోలును. పాలసీ మాత్రము “వ్యవసాయ కార్యములకు మాత్రమే” యని ముద్రింపబడి యుండును. ట్రాక్టరు తగిలి బజారున పోవువాడు గాయపడినచో అతడు మూడవవ్యక్తి. అతనికి కంపెనీ చెల్లించును. లారీ తగిలి ట్రక్కులోనివారు గాయపడినచో, లారీ తప్పున్నంతవరకు లారీ భీమా చెల్లించును. కాని ట్రాక్టరు తన తప్పువలననే బోల్తాపడి ట్రక్కులోనివారు మరణించినపుడే చిక్కు. సామానుల వాహనములో ఊరకే ఎక్కి కూర్చున్న ప్రయాణికులకు నిర్బంధ భీమా వర్తింపదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరున నిర్ణయించినది. 2007 లో వచ్చిన మరియొక తీర్పు ఇంకను స్పష్టము. ఇటుక బట్టీకి మన్ను తోలుచున్న ట్రాక్టరు ట్రక్కుపై నుండిన కూలివాడు గాయపడెను. పాలసీ సేద్యమునకు మాత్రమే గనుక కంపెనీకి పూచీ లేదని కోర్టు చెప్పినది. కూలివాని దీనస్థితి చూచి, కంపెనీ ముందుగా వానికి చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనవలెనని ఆజ్ఞాపించినది. అనగా ప్రీమియము కట్టినవాడే కట్టకట్టకు తిరిగి తీర్చవలసి వచ్చినది!

కావున కూలీలను తోలు అవసరము గలవారు మూడు పనులు చేయవలెను: వాహనము ఉపయోగమును పాలసీలో నిజముగా వ్రాయించుట, డ్రైవరునకును పనివారికిని అదనపు ప్రీమియము చెల్లించి పూచీ చేర్పించుట, అన్నిటికంటె ముఖ్యముగా మనుష్యులను మనుష్యులను తోలు బండిలోనే తోలుట. మొదటి రెండింటికి సొమ్ము కావలెను. మూడవదానికి మనస్సు చాలును.

కొనువాడు, వచ్చువాడు, పొరుగువాడు

పనివాడును వాహనమును గాక మిగిలిన ప్రపంచమంతయు మూడవ తరగతి. హోటలులో జారి నడుము విరిగిన బాటసారి, మిల్లు గోడ కూలి మరణించిన పొరుగువాడు, సైన్‌బోర్డు మీదపడి గాయపడిన స్త్రీ, కొట్టులో కొన్న విత్తనము మొలవక అప్పులపాలైన రైతు, వీరందరు ఇందులోనివారే.

విత్తనముల విషయమున ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యముననే 2012 జనవరిలో సుప్రీంకోర్టు, నాసివిత్తనము కొని నష్టపోయిన రైతు వినియోగదారుడేయనియు, వినియోగదారుల న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చుననియు నిర్ణయించినది. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వస్తుదోషమునకు తయారీదారునితోపాటు అమ్మినవానిని గూడ కొన్ని సందర్భములలో పూచీకి తెచ్చినది. సరకును తాను మార్చినను, తయారీదారుడు చెప్పని భరోసా తాను చెప్పినను, హెచ్చరికలను కొనువానికి అందింపకున్నను, తయారీదారు డెవరో చూపలేకున్నను అంగడివాడు తప్పించుకొనలేడు. “ఈ మందు కొట్టుము, నేను పూచీ” యని నోటిమాటగా చెప్పు కొట్టు యజమాని, ఆ పూచీ యన్న మాట చట్టమున నెంత బరువైనదో యోచింపవలెను.

శీతల గిడ్డంగిలో పరుని మిర్చి దాచుకొనువాని సంగతి మరియొకటి. 1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము, వివేకవంతుడు తన సొమ్మును కాపాడుకొనునంత శ్రద్ధతో పరుని సొమ్మును కాపాడవలెను. నిప్పంటుకొని బస్తాలు కాలినచో గిడ్డంగి కట్టడమునకు గల భీమా రైతుకు చెందదు. పరుని సరకు పాలసీలో స్పష్టముగా చేర్పబడినదా లేదా యని రైతు రసీదు తీసికొనునపుడే యడుగవలెను. యజమాని యడుగకమునుపే చూపవలెను.

కృష్ణకు ఈవలి గట్టున ముక్త్యాల, ఆవలి గట్టున మాదిపాడు. బల్లకట్టుపై మనుష్యులు, బండ్లు దాటుట మనకు చిరపరిచితము. 2017 నవంబరు 12 న ఇబ్రహీంపట్నము చెంత పవిత్రసంగమమున పడవ మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతి లేదని వెల్లడియైనది. 2019 సెప్టెంబరు 15 న గోదావరిలో కచ్చులూరు వద్ద మరియొక పడవ మునిగినది. 2021 నాటి అంతర్దేశ నౌకల చట్టము యంత్రముతో నడుచు పడవలకు భీమాను విధించినది. అనుమతి లేనివానికి ఆ భీమా మాటయే పుట్టదు. మొదట సాగవలసినది చట్టమునకు లోబడుట. భీమా దాని వెనుక వచ్చునది.

పాలసీని చదువుట యెట్లు?

ఏజెంటు చెప్పిన మాటకంటె పాలసీలో వ్రాసిన మాట ప్రమాణము. చదువునపుడు ఈ క్రింది సంగతులు ముఖ్యముగ చూడవలెను.

పరిమితి: ఒక్క ప్రమాదమునకు ఇంతయనియు, ఏడాది మొత్తమునకు ఇంతయనియు రెండంకెలు ఉండును. ఏడాదికి పెద్ద మొత్తము వ్రాసియుండినను, ఒక్క ప్రమాదమునకు దానిలో నాల్గవవంతే యుండవచ్చును.

యజమాని వాటా: ప్రతి క్లెయిములో మొదటి కొంత సొమ్ము యజమానియే భరింపవలెను. ఇది హెచ్చిన ప్రీమియము తగ్గును. తగ్గిన ప్రీమియమునకు ఆశపడి దీనిని మరవరాదు.

కాలము: మన దేశపు ప్రజా బాధ్యతా పాలసీలు సాధారణముగా పాలసీ నడుచుచుండగా వచ్చిన క్లెయిములకే వర్తించును. ఏ తేదీ తరువాత జరిగిన ప్రమాదములను అంగీకరింతురో ఆ తేదీ పాలసీలో నుండును. ఒక్క యేడు మానివేసి మరల తీసికొనినచో ఆ పాత తేదీ పోవును. దానితో పాత ప్రమాదముల రక్షణయు పోవును.

మినహాయింపులు: తన సొంత ఆస్తి, తన పనివారు, మోటారు వాహనములు, బుద్ధిపూర్వకముగ చేసిన హాని, ప్రభుత్వ జరిమానాలు, కాలుష్యము, ఒప్పందము ద్వారా అదనముగా నెత్తికెత్తుకొనిన పూచీ, ఇవి సామాన్యముగ వెలుపలనే యుండును. వీనిలో కొన్నిటికి వేరు పాలసీలు గలవు. కొన్నిటికి ఎచ్చటను భీమా లేదు. నేరమునకు జైలు శిక్ష పడినచో భీమా కంపెనీ గుమాస్తా బదులుపోడు!

విధులు: ప్రమాదము జరిగిన వెంటనే వ్రాతమూలకముగ తెలియజేయవలెను. కంపెనీ అనుమతి లేక “తప్పు నాదే, ఇంత ఇత్తును” అని కాగితముపై వ్రాయరాదు. మన గ్రామములలో పెద్దమనుష్యుల యెదుట రాజీ వ్రాసికొనుట మర్యాదగా నున్నది. అది మానవధర్మముగ మంచిదైనను, తొందరపడి వ్రాసిన రాజీ వలన కంపెనీ తప్పుకొను ప్రమాదము కలదు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుటకును, వాని కుటుంబమునకు తక్షణము ఆసరా యగుటకును ఎవరి యనుమతియు అక్కరలేదు. పూచీని వ్రాతలో ఒప్పుకొనుటకు మాత్రమే కావలెను.

కొట్టు యజమానులకు అగ్ని, దొంగతనము, పనివారు, వినియోగదారులు అన్నియు నొక్క కట్టలో వచ్చు పాలసీలు గలవు. తీసికొనునపుడు అందు ప్రజా బాధ్యతా భాగము ఎంపిక చేయబడినదో, గీటుపెట్టి విడిచిపెట్టబడినదో చూడవలెను. అనేకులు విడిచినది ఆ భాగమే.

ఆక్షేపణలు

“కంపెనీలు ప్రీమియము తీసికొనుటలో చూపు చురుకు చెల్లించుటలో చూపవు” అను ఆక్షేపణ వినవచ్చుచున్నది. అది నిరాధారమని మేము చెప్పము. పత్రములు ఇంగ్లీషున, సూక్ష్మాక్షరములతో నుండును. సంతకము పెట్టువాడు తెలుగువాడు. తెలియని భాషలో తెలియని షరతునకు ఒడంబడినవానిని, ప్రమాదము జరిగిన తరువాత ఆ షరతు చూపి త్రిప్పిపంపుట ధర్మము కాదు. తెలుగునాట అమ్ము ప్రతి పాలసీయు తెలుగున నుండవలెనని మన వర్తక సంఘములును రైతు సంఘములును గట్టిగా నడుగవలెను. భీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదుననే యున్నది. మన మొర దూరదేశమునకు పోనక్కరలేదు. ఒక్కరి సొంత వ్యాపారములును సూక్ష్మ సంస్థలును తమ ఫిర్యాదులను కంపెనీ త్రోసివేసిన పిమ్మట ఏడాదిలోగా భీమా అంబుడ్స్‌మనుకు ఖర్చు లేకయే చెప్పుకొనవచ్చును. 2023 నుండి ఆయన రూ. 50 లక్షల వరకు గల వివాదములను విచారింపగలరు.

“విధిలిఖితమును భీమా మార్చునా?” యని మరికొందరందురు. మార్చదు. 2024 జూలైలో బూదవాడ సిమెంటు కర్మాగారమున జరిగిన ప్రమాదము పనివారిని కాల్చినది. ఏ పాలసీయు ఆ నిప్పును ఆపజాలదు. భీమా ప్రాణమునకు వెలకట్టునది కాదు. ప్రాణము పోయిన ఇంట పొయ్యి ఆరకుండ చూచునది. అంతియే గాక ఇది రెండు కుటుంబములను కాపాడును. భీమా లేనిచోట వితంతువునకు తీర్పు కాగితము మాత్రము దక్కును. యజమాని పొలము వేలమునకు వచ్చును. వకీళ్ల ఫీజులతో ఇరువురును కృశింతురు.

“భీమా యున్నదని యజమానులు అజాగ్రత్త చూపరా?” అను మూడవ ఆక్షేపణలో సత్యము కలదు. అందువలననే యంత్రమునకు కంచె, పనివానికి తొడుగులు, డ్రైవరునకు లైసెన్సు మొదట రావలెను. పాలసీ తరువాత రావలెను. లైసెన్సు లేనివాని చేతికి బండి నిచ్చి పాలసీని నమ్ముకొనువాడు చిల్లి కుండలో నీరు పోయువాడు.

మన పూర్వులు చేసినది

భీమా పరదేశీయుల సొత్తై, దాని లాభము ఓడలెక్కి పోవుచుండిన దినములలో, డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున 1923 లో ఆంధ్రాబ్యాంకును, 1925 లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. స్వరాజ్యమనగా జెండా మాత్రమే కాదనియు, ఆపదలో తోటివానికి తోటివాడు నిలుచు ఏర్పాటును మనము మనకై కల్పించుకొనుటయు స్వరాజ్యమేయనియు వారి భావము. 1956 లో జీవితభీమా, 1973 జనవరి 1 నుండి సామాన్యభీమా జాతీయములైనవి. తరువాత ప్రైవేటు కంపెనీలు మరల ప్రవేశించినవి. 2020 ఏప్రిల్ 1 న ఆంధ్రాబ్యాంకు వేరొక బ్యాంకులో విలీనమైనది. పేర్లు పోయినవి, భావము పోనక్కరలేదు.

ముక్త్యాల మొదలు నందిగామ వరకు గల లారీ యజమానులు, మిల్లుదారులు, ఎరువుల వర్తకులు, సహకార సంఘములు తమ తమ సంఘముల ద్వారా ఉమ్మడిగా పాలసీలు బేరమాడినచో, ఒంటరిగా నడుగువానికి దొరకని షరతులు దొరకవచ్చును. ఏటేట కోతలకు ముందొక దినమున సంఘ సభ జరిపి, పాలసీని తెలుగున చదివించి వినిపింపవచ్చును. దీనికి చందాలు వలదు, ఉపన్యాసములు వలదు. కొంచెము పూనిక చాలును.

మన సొమ్ము కాలిపోవునేమో యను భయము మనకు కలదు గనుక సరకునకు భీమా చేసితిమి. మన వలన పరుని ఇల్లు కూలునేమో యను భయము గూడ కలిగిననాడు బాధ్యతకును భీమా చేయుదుము. మొదటి భయము వర్తకునిది, రెండవది గృహస్థునిది. మెరక తాలూకాల పెద్దలు ఈ రెండవ భయమును సిగ్గుగా గాక మర్యాదగా నెంచి, రాబోవు మిరపకోతలకు ముందే తమ తమ పాలసీలను పెట్టెలనుండి తీసి ఒక్కమారు చదువుదురుగాక.